కంప్యూటర్ కొత్తదైంది.. పదేళ్ల మెయిల్ తెరుచుకోవడం లేదు: కొత్తగూడ చిన్న ఆఫీసులకు పీఎస్టీ కష్టాలు

హైదరాబాద్: ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీల మెయిల్ సర్వర్లను చూసుకునే ఇంజినీర్లు రోజూ కొత్తగూడ ఫ్లైఓవర్ మీద నుంచే డ్యూటీకి వెళ్తారు. అదే ఫ్లైఓవర్ కింద, బొటానికల్ గార్డెన్ దారిలో, హఫీజ్‌పేట్ వైపు సందుల్లో ఉన్న ఆఫీసుల సంగతి వేరు. ఉమ్రా ట్రావెల్స్, గల్ఫ్ ఉద్యోగాల కన్సల్టెన్సీలు, ట్యాక్స్ ఫైలింగ్ చేసేవాళ్లు, ఇంటీరియర్ కాంట్రాక్టర్లు.. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్. వీటిలో మెయిల్ మొత్తం ఇప్పటికీ ఒకే కంప్యూటర్‌లో, ఒకే ఫైల్‌లో పెట్టుకున్నవి ఎన్నో ఉన్నాయి. ఆ ఫైల్ పేరు చివర పీఎస్టీ అని ఉంటుంది. అది ఎక్కడుందో కూడా యజమానికి తెలియదు. తెలిసే రోజు ఒకటే, అది తెరుచుకోని రోజు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అదే రోజు ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకు కూడా సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి కాబట్టి పాత కంప్యూటర్లు చాలావాటికి అప్‌గ్రేడ్ కుదరదు, మార్చాల్సిందే. అంటే కంప్యూటర్, విండోస్, ఆఫీస్ మూడూ ఒకేసారి మారుతున్నాయి. మారనిది ఒక్కటే, పదేళ్లుగా పెరుగుతూ వచ్చిన ఆ మెయిల్ ఫైల్. ఇబ్బంది అక్కడే మొదలవుతోంది.

సాఫ్ట్‌వేర్ కొత్తది, ఫైల్ పాతది

అప్‌గ్రేడ్ చేస్తే ఫైల్ కూడా అప్‌గ్రేడ్ అవుతుందని అందరూ అనుకుంటారు. కాదు. ఔట్‌లుక్ 97 నుంచి 2002 దాకా వచ్చిన పీఎస్టీ ఫైళ్లకు గరిష్ఠ పరిమితి 2 జీబీ. ఆ హద్దు దాటిన ఫైల్ మళ్లీ తెరుచుకునేది కాదు. కొంత భాగం కోసేసి మిగతాది కాపాడటానికి మైక్రోసాఫ్ట్ అప్పట్లో ఒక ప్రత్యేక టూల్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ కోసిన భాగంలోని మెయిల్ పోయినట్టే. 2003లో కొత్త ఫార్మాట్ వచ్చింది. 2003, 2007 వెర్షన్లలో పరిమితి 20 జీబీ, 2010 నుంచి 50 జీబీ.

ఇక్కడ మెలిక ఒకటుంది. పాత ఫార్మాట్ ఫైల్‌ను కొత్త ఔట్‌లుక్‌లో తెరిస్తే అది తెరుచుకుంటుంది, కానీ పాత ఫార్మాట్‌లోనే ఉండిపోతుంది. 2 జీబీ పరిమితి కూడా దాంతోపాటే వస్తుంది. కొత్త ఫైల్ ఒకటి సృష్టించి పాత మెయిల్‌ను అందులోకి ఇంపోర్ట్ చేస్తేనే మార్పు. ఇరవై ఏళ్ల కింద మొదలుపెట్టిన దుకాణం ఫైల్ ఇప్పటికీ అలా నడుస్తుంటే ఆశ్చర్యం లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్ ప్రాపర్టీస్ తెరిస్తే ఫార్మాట్ దగ్గర 97-2002 అని కనబడుతుంది. చూడటానికి ఒక నిమిషం పట్టదు.

50 జీబీ అని రాసి ఉంది కదా అని 50 దాకా పెంచుకోవడం కూడా తెలివైన పని కాదు. 5 జీబీ దాకా చాలా కంప్యూటర్లలో ఇబ్బంది ఉండదని, 10 దాటితే మధ్యమధ్యలో ఆగుతుందని, 25 దాటితే ఆ ఆగడాలు తరచూ ఉంటాయని మైక్రోసాఫ్ట్ స్వయంగా చెబుతోంది. ఆగినప్పుడు మనం ఏం చేస్తాం? టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి మూసేస్తాం, లేదా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాం. ఫైల్ దెబ్బతినే సందర్భాల్లో ఇదొక ముఖ్యమైనది.

ఎందుకు దెబ్బతింటుందో లెక్కల పుస్తకంతో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. పీఎస్టీ ఫైల్ ఒక పెద్ద లెడ్జర్ లాంటిది. మెయిల్స్, అటాచ్‌మెంట్లు ముక్కలు ముక్కలుగా ఎక్కడెక్కడో పేజీల్లో ఉంటాయి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే రెండు ఇండెక్స్‌లు వేరే ఉంటాయి. ఏ పేజీ ఖాళీ, ఏది నిండింది అని చెప్పే పట్టిక ఇంకొకటి. కొత్త మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఇవన్నీ దిద్దాలి. దిద్దుతుండగా కరెంట్ పోయినా, ప్రోగ్రామ్‌ను బలవంతంగా మూసినా లెడ్జర్‌లో ఎంట్రీ ఒకటి చెబుతుంది, ఇండెక్స్ ఇంకోటి చెబుతుంది. పేజీలు చిరిగిపోలేదు, వాటి దారే తప్పింది. అందుకే తెరుచుకోని ఫైల్‌లో కూడా మెయిల్ చాలావరకు బతికే ఉంటుంది. ఆ ధైర్యంతోనే తొందరపడకుండా ఉండాలి.

జనవరిలో జరిగింది

2026 జనవరి 13న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ 11 సెక్యూరిటీ అప్‌డేట్ ఈ సమస్యను ప్రపంచం ముందు పెట్టింది. ఆ అప్‌డేట్ పడ్డాక, పాప్ పద్ధతిలో మెయిల్ దించుకునే పాత ఔట్‌లుక్, ముఖ్యంగా పీఎస్టీ ఫైల్ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్నవాళ్ల ఔట్‌లుక్ బిగుసుకుపోయింది. మూసినా సరిగ్గా మూసుకోలేదు, మళ్లీ తెరుచుకోలేదు. పంపిన మెయిల్ సెంట్ ఐటమ్స్‌లో కనబడలేదు. ఒకసారి దిగిన మెయిల్స్ మళ్లీ దిగాయి. పీఎస్టీని వన్‌డ్రైవ్ నుంచి బయటికి తీయండి, అంతవరకు వెబ్‌మెయిల్ వాడుకోండి, లేదంటే అప్‌డేట్ తీసేయండి అని కంపెనీ సలహా ఇచ్చింది. జనవరి 24న అత్యవసరంగా ఇంకో అప్‌డేట్ వదిలి సరిచేసింది.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఆ అప్‌డేట్ ఫైళ్లను పాడుచేసిందని మైక్రోసాఫ్ట్ చెప్పలేదు, ప్రోగ్రామ్ బిగుసుకుపోతోందని చెప్పింది. కానీ బిగుసుకుపోయిన ప్రోగ్రామ్‌ను పది రోజులపాటు, రోజుకు పదిసార్లు బలవంతంగా మూసిన చేతికింద 30 జీబీ ఫైల్ ఉంటే దాని గతి ఏమవుతుందో పైన చెప్పిన లెడ్జర్ లెక్కే చెబుతుంది.

ఆ ఫైల్ వన్‌డ్రైవ్‌లోకి ఎలా వెళ్లింది అనేది ఇంకా ఆసక్తికరమైన విషయం. యజమాని పెట్టి ఉండకపోవచ్చు. ఔట్‌లుక్ పీఎస్టీని మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో పెడుతుంది. కొత్త కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఫోల్డర్లను బ్యాకప్ చేయమంటారా అని విండోస్ 11 అడుగుతుంది. బ్యాకప్ అనగానే ఎవరైనా సరే అనే అంటారు. దాంతో డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ కిందికి చేరుతుంది. ఒక చిన్న మెయిల్ వచ్చినా పీఎస్టీ మారుతుంది. ఒకవైపు ఔట్‌లుక్ దాన్ని పట్టుకుని రాస్తుంటుంది, ఇంకోవైపు వన్‌డ్రైవ్ దాన్నే సింక్ చేయాలని చూస్తుంటుంది. ఉచిత వన్‌డ్రైవ్ ఇచ్చేది 5 జీబీ మాత్రమే. 20 జీబీ ఫైల్ అందులో పట్టదు కూడా. బ్యాకప్ ఉందన్న నమ్మకం ఉంటుంది, బ్యాకప్ ఉండదు.

ఆఫీసులో రెండు కంప్యూటర్ల మధ్య షేర్ చేసిన ఫోల్డర్‌లో పీఎస్టీ పెట్టి ఇద్దరూ వాడుకోవడం మరో అలవాటు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోంచి పీఎస్టీ నడపడాన్ని సపోర్ట్ చేయమని మైక్రోసాఫ్ట్ ఎన్నో ఏళ్ల నుంచి చెబుతూనే ఉంది. వినేవాళ్లు తక్కువ. ఎందుకంటే చాలా రోజులు అది బాగానే పనిచేస్తుంది.

పోయింది అనుకున్నది పోలేదేమో

షాపుకు పరుగెత్తే ముందు నిజంగా ఫైల్ పాడైందా అని చూడాలి. కొత్త కంప్యూటర్‌లో కొత్త ఔట్‌లుక్ అనే యాప్ ముందే వచ్చి ఉంటుంది. పేరు ఒకటే, లోపల వేరే ప్రోగ్రామ్. మొదట్లో అది పీఎస్టీని అసలు తెరిచేదే కాదు. 2025 నుంచి దశలవారీగా పీఎస్టీలోని మెయిల్ చదివే వీలు వచ్చింది. పాత క్లాసిక్ ఔట్‌లుక్‌లో చేసే పనులన్నీ ఇంకా రాలేదు. కాబట్టి కొత్త యాప్‌లో పాత ఫోల్డర్లు కనబడకపోతే ఫైల్ చెడిపోయిందని అర్థం కాదు. క్లాసిక్ ఔట్‌లుక్‌కు కనీసం 2029 దాకా సపోర్ట్ ఉంటుందని కంపెనీ చెప్పింది. దాన్ని వేసుకుని చూస్తే సగం గుండెదడ అక్కడే తగ్గవచ్చు.

ఓఎస్టీ అని ఉంటే కథ వేరు. అది సర్వర్‌లో ఉన్న మెయిల్‌కు కంప్యూటర్‌లో ఉంచుకున్న నకలు. పాడైతే ఔట్‌లుక్ మూసేసి, దాని పేరు మార్చి, మళ్లీ తెరిస్తే సర్వర్ నుంచి కొత్తది తయారవుతుంది. రాత్రంతా పట్టొచ్చు, అంతే. అయితే ఈ మాట సర్వర్‌లో అకౌంట్ బతికి ఉన్నంతవరకే. ఉద్యోగం మానేసి దుబాయ్ నుంచో రియాద్ నుంచో వచ్చిన మనిషి లాప్‌టాప్‌లో ఓఎస్టీ ఉంది కదా, ఎనిమిదేళ్ల మెయిల్ భద్రం అనుకుంటే పొరపాటు. కంపెనీ అకౌంట్ మూసేశాక ఆ ఫైల్‌ను ఔట్‌లుక్ మామూలుగా తెరవదు. జీతం చీటీలు, ఆఫర్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, ఫైనల్ సెటిల్‌మెంట్ మెయిల్ లాంటి సొంత కాగితాలను ఉద్యోగంలో ఉండగానే పీడీఎఫ్‌గా తీసి పెట్టుకోవాలి. మెయిల్‌బాక్స్ మొత్తం ఎత్తుకురావడం వేరే సమస్య, చాలా కంపెనీల రూల్స్ దాన్ని ఒప్పుకోవు.

నిజంగా పీఎస్టీయే దెబ్బతింటే మొదటి గంటలో చేసే పని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఔట్‌లుక్ మూసేయాలి. ఫైల్‌ను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయాలి. రిపేర్ ఏదైనా ఆ కాపీ మీదే, అసలు దాని మీద కాదు. ఆఫీస్‌తోపాటు ఉచితంగా వచ్చే స్కాన్‌పీఎస్టీ అనే టూల్ ఒకటి ఉంది. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో మైక్రోసాఫ్ట్ ఆఫీస్, రూట్, ఆఫీస్16 అనే ఫోల్డర్లలోకి వెళ్తే దొరుకుతుంది. అది దారి తప్పిన ఇండెక్స్‌ను మళ్లీ రాస్తుంది, ఎక్కడివో తెలియని మెయిల్స్‌ను లాస్ట్ అండ్ ఫౌండ్ అనే ఫోల్డర్‌లో వేస్తుంది. ఇండెక్స్‌కు ఏమాత్రం పొసగని ముక్కలను మాత్రం తీసేస్తుంది. ఆ తీసేసిన దాంట్లోనే కావాల్సిన ఇన్‌వాయిస్ ఉంటే? అందుకే కాపీ. రిపేర్ మొదలయ్యే ముందు టూల్ తనంతట తాను ఒక బ్యాకప్ తీస్తుంది కాబట్టి, 40 జీబీ ఫైల్‌కు ఇంకో 40 జీబీ ఖాళీ కావాలి. 256 జీబీ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. ఒకసారి నడిపితే అయిపోదు, తప్పులు లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. డిస్క్‌లోంచి టిక్‌టిక్ శబ్దం వస్తుంటే ఇవేవీ చేయొద్దు. అప్పుడు జబ్బు ఫైల్‌ది కాదు, డిస్క్‌ది. నడిపిన కొద్దీ ఇంకా పోతుంది.

స్కాన్‌పీఎస్టీ చేతులెత్తేసినా దారి పూర్తిగా మూసుకుపోదు. పీఎస్టీ ఫార్మాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ 2010లో బహిరంగంగా ప్రచురించింది. దాంతో ఔట్‌లుక్ లేకుండానే ఈ ఫైళ్లను చదివే టూల్స్ ఎన్నో వచ్చాయి, లినక్స్‌లో ఉచితంగా నడిచేవి కూడా ఉన్నాయి. డబ్బులు తీసుకునే రికవరీ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ముందు ఉచితంగా ప్రివ్యూ చూపిస్తాయి. మీకు కావాల్సిన మెయిల్ ప్రివ్యూలో తెరుచుకుందా అని చూసుకుని, ఆ తర్వాతే డబ్బులు కట్టాలి. ఫోల్డర్ పేరు కనబడితే సరిపోదు.

పాస్‌పోర్ట్ కాపీలున్న ఫైల్ ఎవరి చేతికి?

ఈ మొత్తం వ్యవహారంలో తక్కువగా మాట్లాడుకునే విషయం ఇది. ఒక ట్రావెల్ ఏజెన్సీ పీఎస్టీలో ఏముంటాయి? వందల కుటుంబాల పాస్‌పోర్ట్ స్కాన్లు, ఆధార్ కాపీలు, ఫొటోలు, ఆడవాళ్ల వివరాలతో సహా. కస్టమర్ దృష్టిలో అది ఏజెంట్ దగ్గర ఉంచిన అమానత్. ఆ ఫైల్ తెరుచుకోలేదని ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఉచిత రిపేర్ వెబ్‌సైట్‌లోకి అప్‌లోడ్ చేస్తే, లేదా ముక్కూముఖం తెలియని షాపులో హార్డ్ డిస్క్ వదిలేసి వస్తే పోయేది ఏజెంట్ సొత్తు కాదు.

చట్టం కూడా ఇప్పుడు ఈ వైపు చూస్తోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో నిబంధనలు నోటిఫై అయ్యాయి. డేటా కలిగి ఉన్నవారి ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. ఆ చట్టంలో డేటా ఉల్లంఘన అంటే దొంగతనం, లీక్ మాత్రమే కాదు. డేటా నాశనం కావడం, దాన్ని అందుకోలేకపోవడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. అంటే పాడైపోయి తెరుచుకోని ఫైల్ కూడా ఒక రోజు సంజాయిషీ చెప్పుకోవాల్సిన విషయం కావచ్చు. ఒక గది ఆఫీసు మీద దీన్ని ఎంత గట్టిగా ప్రయోగిస్తారన్నది వేరే ప్రశ్న.

మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని, మీ ఔట్‌లుక్ చెడిపోయిందని ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. మైక్రోసాఫ్ట్ అలా ఫోన్ చేయదు. స్క్రీన్ వాళ్ల చేతికి ఇచ్చి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

కాగితం అడిగే రోజు

పాత మెయిల్ పోతే ఏమవుతుంది, పోతే పోనీ అనేవాళ్లూ ఉన్నారు. లెక్కల వైపు నుంచి చూస్తే అలా అనలేరు. జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2019-20 సంవత్సరం వార్షిక రిటర్న్ గడువును 2021 మార్చి 31 దాకా పొడిగించారు. అంటే ఆ ఏడాది బిల్లులు 2027 మార్చి చివరిదాకా చేతిలో ఉండాల్సిందే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీల చట్టం కింద ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు ఉంచాలి. సప్లయర్ బిల్లు మెయిల్‌లో వచ్చింది, ప్రింట్ తీయలేదు, ఇప్పుడు ఫైల్ తెరుచుకోవడం లేదు అని నోటీస్‌కు జవాబు రాస్తే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ నిలవడం కష్టం.

2025లో వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టినప్పుడు ఇలాంటి విలువే ఇంకో రూపంలో కనబడింది. డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అందరికీ కలిపి గడువు పెంచడానికి ఒప్పుకోలేదు, అవసరమైనవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చని చెప్పింది. అలాంటి సమయంలో ఏళ్ల కింద ఎవరో మెయిల్ చేసిన గెజిట్ పేజీ స్కాన్ ఒక్క క్లిక్‌లో దొరకడం, దొరకకపోవడం చిన్న తేడా కాదు.

కోర్టులో మెయిల్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే ఇంకో చిక్కు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ ఎలక్ట్రానిక్ రికార్డ్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్ వేలిముద్ర అనుకోండి, ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది. స్కాన్‌పీఎస్టీ రిపేర్ చేసిన ఫైల్ అసలు ఫైల్ కాదు, దాని ముద్ర వేరు. చెక్ బౌన్స్, స్థలం అగ్రిమెంట్, రావాల్సిన జీతం.. ఏదైనా గొడవ నడుస్తున్నవాళ్లు పాడైన అసలు ఫైల్‌ను తుడిచేయకుండా అలాగే దాచి, వకీల్‌ను అడిగిన తర్వాతే రిపేర్ జోలికి వెళ్లాలి.

తప్పు ఎవరిది అంటే మొత్తం వాడేవాళ్ల మీద వేయడం న్యాయం కాదు. మైక్రోసాఫ్ట్ 1998 నుంచి హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ నడుపుతోంది. గచ్చిబౌలిలోని ఆ క్యాంపస్ కొత్తగూడకు కొన్ని కిలోమీటర్ల దూరమే. పీఎస్టీని వన్‌డ్రైవ్‌లో పెట్టొద్దని చెప్పే కంపెనీయే, అది వన్‌డ్రైవ్‌లోకి జారిపోయేలా కొత్త కంప్యూటర్ సెటప్‌ను తయారుచేసింది. ఫైల్ 10 జీబీ దాటింది, విడగొట్టుకోండి అని ముందే ఒక హెచ్చరిక తెరమీద వేయడం ఆ కంపెనీకి పెద్ద పని కాదు. నెలనెలా చందా కట్టి మెయిల్ మొత్తం సర్వర్‌లో పెట్టుకున్న పెద్ద కంపెనీకి ఈ బాధ తగలదు. ఆ చందా కట్టలేక ఒకసారి కొన్న సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చే చిన్న ఆఫీసు మీదే ఇదంతా పడుతుంది.

విండోస్ 10 మీదే ఉండి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు గడువు 2026 అక్టోబర్ 13 దాకా ఉంది. అంటే కంప్యూటర్లు మార్చే పని ఇంకా అయిపోలేదు. మార్చేవాళ్లు ఆ రోజు ఔట్‌లుక్ పూర్తిగా మూసి, ఆ తర్వాతే ఫైల్ కాపీ చేయాలి. తెరిచి ఉండగా చేసిన కాపీ చాలాసార్లు పుట్టుకతోనే పాడైనది. కాపీ అయ్యాక కొత్త కంప్యూటర్‌లో తెరిచి, అన్నిటికన్నా పాత ఏడాది ఫోల్డర్‌లోకి వెళ్లి, ఒక అటాచ్‌మెంట్ నొక్కి చూడాలి. అది తెరుచుకున్నాక కూడా పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా కొన్ని నెలలు బీరువాలో పెట్టాలి. ఇకమీదట ఏడాదికొక పీఎస్టీ పెట్టుకుంటే ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి. పాప్ సెట్టింగ్స్‌లో మెయిల్ కాపీని సర్వర్‌లో ఉంచు అనే గడి టిక్ చేసి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు. ఇంకొకటి, చాలా పాత పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి. వాటిలో 32 జీబీ ఖాళీ ఉన్నా 4 జీబీ కంటే పెద్ద ఫైల్ ఎక్కదు. ఫైల్ చాలా పెద్దదని మెసేజ్ వస్తే పీఎస్టీ పాడైందని కంగారుపడొద్దు, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట పెట్టి దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకుంటే చాలు.